మెడ తిప్పని మేక

దర్జీపని చేసేవాళ్ళకి అబద్ధం కొత్త కాదు. "రేపు సాయంత్రానికల్లా ఇచ్చేస్తానమ్మా, కాజాలు కుట్టడమే మిగిలింది" అన్నప్పుడు గుడ్డ ఇంకా కత్తెర మొహమైనా చూసి ఉండదు. ఆ లెక్కన కోడలు పదిహేనేళ్ళుగా రోజుకి నాలుగు అబద్ధాలు ఆడుతూనే ఉంది. దానివల్ల ఎవరి పెళ్ళీ ఆగలేదు, ఎవరూ బట్టల్లేకుండా వీధినపడలేదు. అందుకే మామగారి కంచంలో వడ్డించిన అయిదో అబద్ధం కూడా సాఫీగా జరిగిపోతుందనుకుంది.

"మీ శిష్యుడు చిన్నకత్తి పంపించాడు మామయ్యా. లేత మేక. వారానికోసారి కొంచెం పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది."

డాక్టరమ్మ అలా చెప్పలేదు. గుండెకి రెండు స్టెంట్లు వేసి పంపిస్తూ, మాంసం అన్నమాటే ఆ ఇంట్లో వినపడకూడదంది. నలభై ఏళ్ళు మాంసం దుకాణం నడిపిన మనిషితో అనాల్సిన మాటేనా అది! ఆ రోజు నుంచీ పెద్దాయనకి ఆకలి పోయింది. అలక అయితే బతిమాలి తీర్చొచ్చు, కోపమైతే ఓ పూటకి చల్లారుతుంది. ఇది ఆ రెండూ కాదు. కాయగూరలు పెడితే నాలుగు మెతుకులు కెలికి లేచేవాడు. మీల్‌మేకర్ వండిపెడితే ఒక ఉండ నోట్లో వేసుకుని, "గిన్నెలు తోమే పీచు కూరలో పడిందమ్మాయ్, చూసుకో" అని తీసి పక్కన పెట్టాడు. రెండు నెలల్లో ఆయన చొక్కాలు రెండుసార్లు బిగించి కుట్టింది కోడలు. మూడోసారి టేపు పెట్టి ఛాతీ కొలిచిన రోజు ఆమెకి నిజంగా భయం వేసింది.

ఆ సాయంత్రమే సూపర్‌మార్కెట్లో, గడ్డకట్టిన సరుకులుండే పెట్టె అడుగున అది కనపడింది. అరచేతి మందాన ఎర్రటి దిమ్మ, అట్టపెట్టె మీద ఆకు బొమ్మ. బఠాణీల్లోంచి తీసిన సారం, గోధుమ జిగురు, బీట్‌రూట్ రంగు. ఉప్పు తక్కువున్న రకం ఏరి రెండు పెట్టెలు తెచ్చుకుంది. బస్సు డిపోలో పనిచేసే భర్త షిఫ్టుకి బయల్దేరుతూ, "నాన్న కనిపెట్టేస్తాడే" అన్నాడు.

"కనిపెట్టనీండి. తింటూ కనిపెట్టనీండి" అంది.

దిమ్మని ముక్కలు చేసి, బట్టతో తడి అద్ది, మూకుడు పొగలొచ్చేదాకా కాలనిచ్చి ఒక్కొక్కటే వేసింది. గుంపుగా వేస్తే నీరు వదిలి ఉడుకుతాయి గానీ వేగవు. అంచులు గోధుమరంగు తిరగ్గానే తీసేసి, అదే నూనెలో ఉల్లి, వెల్లుల్లి, మిరియాలు వేయించి, ముక్కలు చివర్లో కలిపింది. ముందే వేస్తే పిండిపిండి అవుతాయని పెట్టె మీద రాశారు. ఇల్లంతా నిజం మాంసం వాసన లేచింది. ఏ పూట వాసన తగిలినా గుమ్మంలోకొచ్చి కూర్చునే వీధి పిల్లి మాత్రం ఆ పూట గోడ మీదనుంచి దిగలేదు. ఆమె అది అప్పుడు పట్టించుకోలేదు.

పెద్దాయన ఒక ముక్క తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కాడు. నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. రెండోది తీసుకున్నాడు. కంచం ఖాళీ అయ్యేసరికి కోడలి ప్రాణం లేచొచ్చింది.

"బాగుందా మామయ్యా?"

"బాగుంది." చెయ్యి కడుక్కుని వచ్చి, తుడుచుకుంటూ నిలబడిపోయాడు. "చిత్రమైన మేకమ్మాయ్. ఇది ఎప్పుడూ పక్కకి తిరగలేదు."

"అంటే?"

"నడిచినదాని కండకి ఒక వాలు ఉంటుంది. మెడ తిప్పినచోట పీచు మెలి తిరుగుతుంది. కాలు మడిచినచోట సన్నబడుతుంది. ఇది పుట్టిందగ్గర్నుంచీ తిన్నగా ఒక్కవైపే చూస్తూ నిలబడినట్టుంది."

ఆయన మామూలుగానే అన్నాడు. కోడలికి మాత్రం గోడవైపు మొహం పెట్టి కదలకుండా నిలబడిన మేకొకటి కళ్ళ ముందు కనపడి, మళ్ళీ కుట్టు మిషను ముందు కూర్చున్నా అది కాసేపటిదాకా పోలేదు.

వారానికోసారి అన్నది మర్నాటికే రోజువారీ అయింది. ఆయన అడుగుతున్నాడు, ఆమె కాదనలేకపోతోంది. పైగా కోస్తానని కూడా ఆయనే కూర్చున్నాడు. కోడలు అట్టపెట్టె విప్పి, దిమ్మని దుకాణంలో కట్టినట్టే పాత పేపర్లో చుట్టి తెచ్చేది. పెట్టెల్ని మిషను కింద కత్తిరింపు పీలికల సంచీలో, అట్టడుగున కుక్కేది.

వెనక వసారాలో పెద్దాయన మాంసం కొట్టే మొద్దు ఉంది. దుకాణం వదిలేసి వచ్చేటప్పుడు దాన్నొక్కదాన్నే తెచ్చుకున్నాడు. కత్తి మాత్రం శిష్యుడికి ఇచ్చేశాడు. శిష్యుడు అంటే చిన్నకత్తి. నలభైకి దగ్గరపడి, ముందు జుట్టు ఊడిపోయినా, ఈయన పెద్దకత్తి కాబట్టి బజారంతా అతన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

వంటింటి కత్తే తీసుకుని, దాన్ని తిరగేసి, వీపుతో మొద్దు మీద రెండు దెబ్బలు కొట్టాడు. టక్, టక్. అప్పుడు గానీ అంచు ఆనించలేదు.

"ఎందుకు మామయ్యా ఎప్పుడూ అలా కొడతారు?"

"నాకు పని నేర్పినాయన కొట్టేవాడు. మొదటిది ఆ జీవం దగ్గర సెలవు తీసుకోడానికి. రెండోది, మనం చేస్తున్నదేంటో మనకి గుర్తుండటానికి."

కోత మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు. బొటనవేలు దిమ్మ మీద ఆ చివరనుంచి ఈ చివరకి నడిపాడు. తిప్పి మళ్ళీ నడిపాడు. కోడలు చేస్తున్న పని వదిలేసి ఆ వేలినే చూస్తోంది. ఆ నడక ఆమెకి బాగా తెలుసు. గుడ్డ చేతికి రాగానే నిలువు పోగు ఎటో అడ్డపోగు ఎటో ఆమె బొటనవేలు కూడా అలాగే వెతుకుతుంది.

"ఏ చోటు ముక్కన్నాడు?"

"తొడ... అన్నాడు."

"తొడా." ఆయన దిమ్మని రెండోవైపుకి తిప్పాడు. "పొర లేదు. నరం లేదు. ఎముక ఎక్కడ ఊడిందో ఆ గుంట లేదు. ఒకచోట పట్టుకుంటే కుడికాలో ఎడమకాలో చెప్పేవాణ్ణి తల్లీ, కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి."

"వయసు మీదపడింది కదా మామయ్యా" అనేసింది కోడలు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన తన వేళ్ళకేసి చూసుకున్నాడు, పనిలోకి రాని మనుషుల్ని చూసినట్టు.

ఆ రోజునుంచీ ఇంట్లో ఏది దొరికితే అది తడిమి చూసేవాడు. తువ్వాలు, తలుపు చెక్క, ఆమె కుడుతున్న గుడ్డ. ఒక మధ్యాహ్నం మిషను ఆపి తలెత్తేసరికి, ఎదురుగా కుర్చీలో కూర్చుని ఎడమచేతి ముంజేతిని కుడిచేతి బొటనవేలితో మోచేతి దాకా నొక్కుకుంటూ పోతున్నాడు. కండ ఎక్కడ తిరుగుతుందో అక్కడ ఆగి, మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ నొక్కుకుంటున్నాడు. మనిషి మొహం కాస్త తేరుకుంది. నడకలో బలం వచ్చింది. కానీ ఆ కళ్ళు మాత్రం ఆమెకి కొత్తగా ఉన్నాయి.

అయిదో రోజు ఆమె సుద్దముక్క కనపడలేదు. గుడ్డ మీద గుర్తులు పెట్టుకునే బల్లపరుపు సుద్ద, అది లేకపోతే పని ఆగిపోతుంది. సొరుగులన్నీ వెతికి, ఆయన గదిలో చూద్దామని తలుపు తోసింది.

నేల మీద మేక బొమ్మ ఉంది. తన సుద్దతోనే గీశాడు. తల, మెడ, వెన్ను, నాలుగు కాళ్ళు, నిలువెత్తు మేక పక్కకి పడుకున్నట్టుంది. దర్జీ నమూనా గీసినట్టు లోపల భాగాలన్నీ గీతలతో విడదీశాడు. ఆ గీతల మధ్య, రోజూ కోసినప్పుడు ఆమెకి ఇవ్వకుండా దాచుకున్న పచ్చి ముక్కలు పేర్చాడు. తొడలో రెండు, భుజంలో ఒకటి, మెడలో ఒకటి. అంచులు ఎండి ముదురు రంగుకి తిరిగాయి. కిటికీ బార్లా తీసుంది, గదిలో రెండు ఈగలు తిరుగుతున్నాయి. ఒక్కటీ వాటి మీద వాలడం లేదు.

పెద్దాయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి కంగారుపడలేదు.

"చూడు తల్లీ" అని మెడలో ముక్క తీసి తొడలో పెట్టాడు. తొడలోది తీసి భుజంలో పెట్టాడు. "ఏది ఎక్కడ పెట్టినా సరిపోతోంది. దేవుడు చేసిన దేంట్లోనూ ఒకచోటి ముక్క ఇంకోచోట సరిపోదు. అయిదు రోజులనుంచి మనం తింటున్నది మేక కాదు."

కోడలు తలుపు దగ్గరే ఆగింది. ఇప్పుడు చెప్పేస్తే సరి. రెండు ముక్కల్లో తేలిపోతుంది. కానీ రెండు నెలల తర్వాత ఆయన కడుపునిండా తింటున్న అయిదో రోజది. "నేను అడిగి వస్తాను మామయ్యా, రేపు" అంది. రేపు అనడం అలవాటైన నోరు కదా.

ఆయన రేపటిదాకా ఆగాడు, అంతే. పొద్దున్నే ఆమె ఒకావిడకి కొలతలు తీస్తుండగా, ముక్కల్ని తువ్వాల్లో మూటకట్టుకుని బయటికి నడిచాడు. కొలతల మనిషే చెప్పింది: "మీ మామగారు బజారు వైపు వెళ్తున్నారే, డాక్టరమ్మ నడవమందా?"

కోడలు మెడలో టేపుతోనే పరుగెత్తింది.

చిన్నకత్తి దుకాణం ముందు పదిమంది దాకా ఉన్నారు. బేరం జోరుగా ఉండే వేళ. పెద్దాయన మొద్దు మీద తువ్వాలు విప్పి పరిచేశాడు అప్పటికే.

"ఏం అమ్ముతున్నావురా?"

"గురువుగారూ, కబురు పంపితే నేనే వచ్చేవాణ్ణి కదా, ఇంత దూరం..."

"ఇది ఏ జంతువు?"

చిన్నకత్తి ఒక ముక్క తీసుకుని వేలితో నొక్కాడు, వాసన చూశాడు. మొహంలో నవ్వు పోయింది. "ఇది నా మొద్దు మీది కాదు గురువుగారూ."

"నీదేనని నా కోడలు చెప్పింది. నా ఇంటి మనిషి నాతో అబద్ధమాడుతుందా?"

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. ఒకామె అప్పుడే కట్టించుకున్న పొట్లాన్ని వేలి కొసతో బల్లమీద వెనక్కి నెట్టింది. చిన్నకత్తి తలెత్తాడు. గుంపు వెనక టేపు వేసుకుని రొప్పుతూ నిలబడిన ఆమె కనపడింది. ఆమె మొహం చూశాడు. ముసలాయన వేళ్ళు ఇంకా ఆ ముక్కల్నే తడుముతున్నాయి, వాటిని చూశాడు. అతనికి అర్థమైపోయింది.

"పొరపాటైంది గురువుగారూ" అన్నాడు నెమ్మదిగా. "ఎవరో తెచ్చిస్తే చూసుకోకుండా కట్టేశాను."

కాదు, అబద్ధం నాది. ఆ మూడు మాటలూ కోడలి నాలుక చివర ఉన్నాయి. పదిమందీ వినేలా అరిస్తే సరిపోయేది. పెదవులు విడివడ్డాయి కూడా, శబ్దం రాలేదు.

"నా కత్తి ఇచ్చెయ్" అన్నాడు పెద్దాయన.

చిన్నకత్తి కత్తిని కడిగాడు. గుడ్డతో రెండువైపులా తుడిచాడు. పిడి ఆయన వైపుండేలా తిప్పి రెండు చేతులతో ఇచ్చాడు. బల్ల మీద పొట్లాలు వరసగా ఉన్నాయి, వాటివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

దారిలో పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని నడిచాడు. "వాడు ఒప్పుకోకపోతే నాకే మతిపోయిందనుకునేవాణ్ణి తల్లీ. ఏ జంతువో మాత్రం చెప్పలేదు, చూశావా? చెప్పలేడు." ఇల్లు చేరాక మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మధ్యాహ్నం కంచం పెడితే దూరంగా జరిపి, "మనం తిన్నదేంటి?" అనడిగాడు. సాయంత్రం మళ్ళీ అదే అడిగాడు. అడుగుతూ ముంజెయ్యి నొక్కుకుంటున్నాడు.

మర్నాడు ఉదయం కోడలు బజారుకి వెళ్ళింది. చిన్నకత్తి దుకాణం షట్టరు సగానికి దించి ఉంది. లోపల కొక్కేలకి సరుకు అలాగే వేలాడుతోంది, అతను స్టూలు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే లేచాడు.

"వదినా, గురువుగారు తింటున్నారా?"

ఆ ఒక్కమాటతో ఆమెకి ఏడుపు ఆగలేదు. "ఎందుకు ఒప్పుకున్నావయ్యా? నీకేం ఖర్మ?"

"నేను తప్పు చేశానంటే కోపమొస్తుంది, తిడతారు, ఎప్పటికో తగ్గుతుంది. మీరు చేశారంటే రేపట్నుంచి ఇంట్లో ఎవరి చేతి ముద్ద తింటారు చెప్పండి? ఇంతకీ అదేంటి వదినా? నిన్న పట్టుకున్నప్పట్నుంచి నా వేళ్ళకి ఏదోలా ఉంది."

ఆమె చెప్పింది. అతను తన బొటనవేలు చూసుకుని, చొక్కాకి రుద్దుకున్నాడు.

ఇంటికొచ్చి పీలికల సంచీ నేలమీద బోర్లించింది. రంగురంగుల పీలికల్లోంచి అయిదు అట్టపెట్టెలు బయటపడ్డాయి. వాటిని పెద్దాయన కాళ్ళ దగ్గర పెట్టి, తనూ అక్కడే కూర్చుంది.

"చిన్నకత్తి ఏమీ అమ్మలేదు మామయ్యా. అబద్ధం నాది. మీరు తినడం మానేశారని..."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక పెట్టె మీది అక్షరాలు చదివాడు. రెండో పెట్టె కూడా చదివాడు, వేరే ఏదైనా ఉంటుందేమోనన్నట్టు.

"బఠాణీలా?"

"బఠాణీలే."

"అయితే నా వేళ్ళు చెప్పింది..."

"నిజమే మామయ్యా. మొదటి ముద్దనుంచీ నిజమే చెప్పాయి."

పెద్దాయన కళ్ళజోడు తీసేశాడు. కోప్పడతాడనుకుంది, కోప్పడితే బాగుండుననుకుంది. ఆయన రెండు అరచేతులూ ఒళ్ళో తెరిచి పెట్టుకుని, వాటిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

"నాకు అబద్ధం చెప్పావు, సరే. నా మేలుకే చెప్పావు. ఈ వేళ్ళకి చెప్పకు తల్లీ. ఇవి పోయాయనుకున్నాను. ఇంకెప్పుడూ చెప్పకు."

"చెప్పను."

"పద. నిన్నటి వేళే అయింది, జనం ఉంటారు."

జనం ఉన్నారు గానీ ఎదురు దుకాణం ముందు ఉన్నారు. వాళ్ళందరికీ వినపడేలా కోడలు తన నోటితో చెప్పింది. నిన్న రాని గొంతు ఇవాళ అవసరానికి మించే వచ్చింది. పెద్దాయన కొనేవాళ్ళు నిలబడేవైపు నిలబడి, కత్తి పిడి అటు తిప్పి మొద్దు మీద పెట్టాడు.

"తప్పు నాదిరా. తీసుకో."

చిన్నకత్తి కళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, "నా బేరం పోగొట్టి మీరు ఇంట్లో బఠాణీలు తింటున్నారా గురువుగారూ!" అన్నాడు. ఎదురు దుకాణం ముందు ఎవరో ఫక్కున నవ్వారు. నిన్న పొట్లం వెనక్కి నెట్టినామె ఇటు రోడ్డు దాటింది. మిగతావాళ్ళు రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కోడలు రోజుకోసారి పనిమాలా అతని దుకాణం ముందునుంచే నడిచి, పలకరించి వెళ్ళేది.

తర్వాత దాచుకోడాలు లేవు. అట్టపెట్టె బల్ల మీదే ఉండేది. పెద్దాయన తినేవాడు, వంకలు పెడుతూ తినేవాడు. "దీనికి అడ్డంగా కోత పనికిరాదమ్మాయ్, చీల్చు. చేత్తో చీల్చు, వేగితే అంచు కరకరలాడుతుంది" అని నేర్పింది ఆయనే. కోసేది కూడా ఆయనే. కానీ కత్తి తిరగేసి కొట్టే దెబ్బలు మానేశాడు. కోడలు అది గమనించి అడిగింది.

"ప్రాణం లేనిదాని దగ్గర సెలవేంటి" అన్నాడు. "కందగడ్డకి కొడతామా?"

ఒక్కవైపే చూస్తూ నిలబడిన మేక మాట ఇద్దరూ మర్చిపోయారు. గదిలో సుద్దగీతల్ని ఆమే తడిగుడ్డతో తుడిచింది. మెడ దగ్గర గీత కొంచెం గట్టిగా పడింది కాబోలు, రెండుసార్లు తుడిచినా సన్నగా కనపడుతూనే ఉంది.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం ఉదయం. కిటికీలోంచి ఎండ వంటింటి గట్టు మీద పడుతోంది. కోడలు కొత్త పెట్టె విప్పి, మంచు కరిగిన దిమ్మని గట్టు మీద పెట్టి తడి అద్దింది. ఆయన చెప్పినట్టు చీల్చడానికి పీచు ఎటుందోనని బొటనవేలు నడిపింది. రోజూ నడిపే వేలే. ఈ చివరనుంచి ఆ చివరకి తిన్నగా పోవాలి.

నడిమికి కొంచెం అవతల వేలు ఆగింది.

మళ్ళీ మొదటినుంచి నడిపింది. పోగులన్నీ తిన్నగా వచ్చి, అక్కడ కుడివైపుకి ఒరిగి, మెలితిరిగి, మళ్ళీ తిన్నగా సాగుతున్నాయి. అరంగుళం మేర, అంతే. దర్జీ వేలు కాబట్టి తెలిసింది, ఇంకొకరికి తెలిసేది కాదు. పెట్టె తిప్పి చూసింది. అదే బొమ్మ, అవే అక్షరాలు. గోడ మీద వీధి పిల్లి లేచి నిలబడి ఇటే చూస్తోంది.

చేతిలో కత్తి ఉంది. ఆ అరంగుళాన్ని చిన్నచిన్న ముక్కలు చేసేస్తే ఎవరికీ తెలియదు. ఆయనకీ తెలియదు. తెలిస్తే మళ్ళీ ఆ కళ్ళు, ఆ సుద్దగీతలు. కత్తి కొస దానిమీద ఆనింది. ఆమె కాసేపు అలాగే నిలబడి, కత్తి పక్కన పెట్టింది.

"మామయ్యా" అని పిలిచింది. "ఒకసారి ఇలా వచ్చి, దీన్ని పట్టుకుని చూడండి."

పెద్దాయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎక్కడో ఆమె చెప్పలేదు. ఆయన బొటనవేలు చివరనుంచి నడిచి, సరిగ్గా అక్కడ ఆగింది. ఆమె మొహంకేసి చూశాడు. దాచలేదని తెలిసిన చూపది, దాంట్లో కొంచెం మెచ్చుకోలు కూడా ఉంది. మళ్ళీ వేలి కిందికి చూశాడు.

"తిరిగింది" అన్నాడు.

"మిషన్లో ఏదో తేడా అయ్యుంటుంది మామయ్యా."

"అయ్యుంటుంది."

దిమ్మని రెండు చేతులతో ఎత్తుకుని వెనక వసారాలోకి నడిచాడు. ఆమె కత్తి పట్టుకుని వెనకే వెళ్ళింది. దిమ్మని మొద్దు మీద పెట్టి, చెయ్యి చాపి కత్తి అందుకున్నాడు. కోత ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడనుకుంది కోడలు. పెద్దాయన కత్తిని తిరగేసి, వీపుతో మొద్దు మీద రెండు దెబ్బలు కొట్టాడు.